సమకాలిక గడియార వ్యవస్థ: పెద్ద భవనాలకు ఎంపిక (మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతం)

ఒక భవనంలో గానీ, ఒక ప్రాంగణంలోని పలు భవనాల్లో గానీ ఉన్న గడియారాలన్నీ ఒకే మూలం నుంచి సమయం అందుకొని, సెకనుతో సహా ఒకే సమయం చూపేలా చేసే ఏర్పాటును సమకాలిక గడియార వ్యవస్థ అంటారు. ప్రామాణిక సమయాన్ని అందుకొనే మాస్టర్ క్లాక్, ఆ సమయాన్ని చేరవేసే తీగ లేదా నెట్‌వర్క్, గోడల మీద కనిపించే సబ్ క్లాకులు ఇందులో ప్రధాన భాగాలు. పీరియడ్ గంట, షిఫ్టు సైరన్, హాజరు యంత్రం, సీసీ కెమెరాల రికార్డరు, కంప్యూటర్ సర్వర్లు కూడా ఈ సమయాన్నే వాడుకోవచ్చు. నిజానికి వాటికి ఇది అందకపోతే వ్యవస్థ సగమే ఉన్నట్టు. గోడ గడియారం పది చూపుతుండగా హాజరు యంత్రం పది దాటి రెండు నిమిషాలు నమోదు చేస్తే, జీతం కోత పడిన మనిషి గోడను చూపిస్తాడు, యాజమాన్యం యంత్రాన్ని చూపిస్తుంది. ఈ వ్యవస్థ ఉండేది అలాంటి తగవు రాకుండా చూడటానికే.

ప్రాంత నేపథ్యం

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట మండలాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. పాతికేళ్లలో ఇక్కడ లేచినన్ని రకాల పెద్ద కట్టడాలు రాష్ట్రంలో మరోచోట ఇంత దగ్గర దగ్గరగా కనిపించడం అరుదు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. జవహర్‌నగర్ వైపు రెండు వందల ఎకరాల్లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం 2008లో మొదలైంది. తుర్కపల్లి చుట్టూ 1999లో జీనోమ్ వ్యాలీ రూపుదిద్దుకుంది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్–బి టీకాను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారం మేడ్చల్‌లో వెలిసింది. ఘన్‌పూర్‌లో మెడిసిటీ ఆస్పత్రి, వైద్య కళాశాల ఉన్నాయి. జిల్లా సమీకృత కలెక్టరేట్ అంతాయిపల్లిలో 2022 ఆగస్టు 17న ప్రారంభమైంది. పరీక్ష హాలు, టీకా తయారీ గది, కాన్పుల గది, ప్రభుత్వ కార్యాలయం, రైల్వే ప్లాట్‌ఫారం పది, పదిహేను కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నా, గడియారం నుంచి ఒక్కొక్కటి కోరేది వేరు. అందుకే ఎంపికను వివరించడానికి ఈ ప్రాంతం అనువైనది.

చరిత్ర

ఒకే యంత్రంతో పలు ముఖాలను నడపడం గడియార స్తంభాలతోనే మొదలైంది. 1897లో ప్రారంభమైన 120 అడుగుల సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కు గడియారాన్ని సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ బహూకరించారు. అలాంటి స్తంభాల్లో నడిమి యంత్రం ఒక్కటే, అది ఇరుసుల ద్వారా నాలుగు వైపుల ముళ్లనూ తిప్పుతుంది. అయితే 1889లో చార్మినార్‌కు అమర్చిన గడియారాలకూ సికింద్రాబాద్ స్తంభానికీ మధ్య సంబంధమేమీ లేదు. ఏ స్తంభం సమయం దానిదే.

దూరంగా ఉన్న గడియారాలను కలిపింది విద్యుత్తు. స్కాట్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1841లో విద్యుత్ గడియారానికి పేటెంట్ పొందాడు. ఆ తర్వాత బడులు, ఫ్యాక్టరీలు, రైల్వేస్టేషన్లలో మాస్టర్ గడియారం అర నిమిషానికో నిమిషానికో ఒక విద్యుత్ పల్స్ పంపడం, గోడ మీది ముల్లు ఒక గడి జరగడం వాడుకలోకి వచ్చింది. పారిస్‌లో 1880లో వీధుల కింద గొట్టాలు వేసి సంపీడిత గాలితోనే గడియారాలు నడిపారు. హాన్స్ హిల్ఫికర్ 1944లో రూపొందించిన స్విస్ రైల్వే గడియారం ఈ వరుసలో పేరెన్నికగన్నది. దాని ఎర్ర సెకన్ల ముల్లు దాదాపు 58.5 సెకన్లలో చుట్టు ముగించి, పైన కాసేపు ఆగి, మాస్టర్ నుంచి నిమిషం పల్స్ రాగానే మళ్లీ కదులుతుంది.

భారతదేశంలో రైళ్లను నడిపిన సమయం చాలాకాలం మద్రాసు వేధశాలది. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది. ఆ రేఖ ఆంధ్రప్రదేశ్‌లో తుని సమీపం నుంచి పోతుంది. శామీర్‌పేట దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి ఇక్కడి సగటు సౌర సమయం గడియారం కంటే సుమారు 16 నిమిషాలు వెనక ఉంటుంది. పంచాంగకర్త ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటాడు, భవన గడియారం తీసుకోదు.

ఆ తర్వాత వచ్చిన ఒక పద్ధతి మన దగ్గర నిలవలేదు. కరెంటు 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని నమ్ముకొని తిరిగే సింక్రనస్ మోటారు గడియారాలు పాశ్చాత్య దేశాల్లో బాగా పనిచేశాయి. 1990ల్లో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49 కిందికి జారడం మామూలు. రోజంతా 49 హెర్ట్జ్ ఉంటే అలాంటి గడియారం దాదాపు 29 నిమిషాలు వెనకబడుతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిశాక ఫ్రీక్వెన్సీ నిలకడ బాగా పెరిగింది. అయినా కరెంటు పోయి వచ్చే చోట దాన్నే నమ్ముకున్న గడియారం పనికిరాదు.

సమయ మూలం

ఎంపికలో మొదట తేల్చుకోవలసిన ప్రశ్న మాస్టర్‌కు సమయం ఎక్కడి నుంచి వస్తుందన్నది. గోడ గడియారం అందం, ధర ఆ తర్వాతి మాటలు.

భారత ప్రామాణిక సమయానికి సంరక్షకురాలు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడి సీజియం గడియారాలు, హైడ్రోజన్ మేసర్లు అంతర్జాతీయ సమయంతో నానోసెకన్ల స్థాయిలో సరిపోలుతూ నడుస్తాయి. ఆ సమయం నెట్‌వర్క్ టైమ్ ప్రొటోకాల్, అంటే ఎన్‌టీపీ ద్వారా ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంది. డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ ప్రొటోకాల్ 1985 నుంచి వాడుకలో ఉంది. జాతీయ సమాచార కేంద్రం సర్వర్లు కూడా ఈ సేవ ఇస్తున్నాయి. మామూలు ఇంటర్నెట్ మీద కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడా ఉండవచ్చు, మనిషి కంటికి అది లెక్కలోకి రాదు.

రెండో మూలం ఉపగ్రహం. కప్పు మీది యాంటెన్నా జీపీఎస్ సంకేతాన్ని అందుకుంటుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. జీపీఎస్ సొంత సమయం అంతర్జాతీయ పౌర సమయం కంటే 18 సెకన్లు ముందుంటుంది, తేడాను సవరించే సమాచారం కూడా ఉపగ్రహమే పంపుతుంది. ఆ సమాచారం పూర్తిగా రావడానికి 12.5 నిమిషాల దాకా పట్టవచ్చు. నాసిరకం రిసీవరు కరెంటు వచ్చిన వెంటనే 18 సెకన్ల తప్పు చూపి తర్వాత సర్దుకుంటుంది. మంచిది సవరణ అందేదాకా సబ్ క్లాకులకు ఏమీ పంపదు. ఇస్రో ఉపగ్రహ దిశానిర్దేశ వ్యవస్థ నావిక్‌ను కూడా అందుకొనే రిసీవర్లు వస్తున్నాయి. ఆ వ్యవస్థ కోసం 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్–01 ఉపగ్రహంలో దేశీయ రుబీడియం గడియారం ఉంది.

మూడో మూలం పేరుతో అమ్మే వస్తువు విషయంలో జాగ్రత్త అవసరం. ‘రేడియో నియంత్రిత గడియారం’ అని విదేశీ కేటలాగుల్లో కనిపించేవి జర్మనీ, బ్రిటన్, అమెరికా, జపాన్ దేశాల దీర్ఘతరంగ ప్రసారాల మీద ఆధారపడతాయి. భారత్‌లో అలాంటి ప్రసారం లేదు, ఆ దేశాలవి మేడ్చల్ దాకా నమ్మకంగా అందవు. ఇక్కడ అవి వట్టి బ్యాటరీ గడియారాలు.

మొదటి రెండు మూలాలూ కలిపి పెట్టుకోవడం ఉత్తమం. ఉపగ్రహ సంకేతం తప్పితే ఎన్‌టీపీ, ఇంటర్నెట్ తెగితే ఉపగ్రహం.

మాస్టర్ క్లాక్, నిలుపుదల

రెండు మూలాలూ పోయినప్పుడు మాస్టర్ తన లోపలి స్ఫటికం మీద నడుస్తుంది. ఆ వ్యవధిలో అది ఎంత ఖచ్చితంగా నిలుస్తుందన్నదే నిలుపుదల శక్తి. కేటలాగులో అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉండేది, అన్నిటికంటే ముందు చదవవలసినది ఇదే. మామూలు క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో 20 భాగాల తప్పుతో రోజుకు 1.7 సెకన్లు జరుగుతుంది. పైగా దానికి వేడి పడదు. 25 డిగ్రీల దగ్గర సరిగా నడిచే స్ఫటికం 45 డిగ్రీల వద్ద రోజుకు సెకనుకు పైగా వెనకబడుతుంది. మే నెలలో ఏసీ లేని ఎలక్ట్రికల్ గదిలో పెట్టెలోపల ఆ వేడి సులభంగా వస్తుంది. ఉష్ణోగ్రతకు సవరణ చేసుకొనే స్ఫటికం ఏడాదికి నిమిషం తేడాకు పరిమితమవుతుంది. కళాశాల, ఆస్పత్రి, కార్యాలయాలకు అది చాలు. ఓవెన్ స్ఫటికం, రుబీడియం టెలికాం, విద్యుత్ సబ్‌స్టేషన్ల అవసరాలు. గోడ గడియారాల కోసం వాటికి డబ్బు పోయడం వృథా. మైక్రోసెకను స్థాయి ఐఈఈఈ 1588 ప్రొటోకాల్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

కాలమండలం అమరిక కూడా చూసుకోవాలి. మన సమయం అంతర్జాతీయ సమయానికి ఐదున్నర గంటలు ముందు. గంటల లెక్కన మాత్రమే అమరిక ఉన్న పరికరాలు ఇక్కడ పనికిరావు. వేసవి సమయం మార్పు మనకు లేదు కాబట్టి ఆ సదుపాయాన్ని పూర్తిగా మూసివేసే వీలుండాలి.

పంపిణీ పద్ధతులు

పల్స్ తీగ. రెండు తీగల మీద 24 వోల్టుల పల్స్ నిమిషానికోసారి, ప్రతిసారీ దిశ మార్చుకొని వెళ్తుంది. కరెంటు పోయినంతసేపు ముళ్లు ఆగిపోతాయి, మాస్టర్ మాత్రం ఎన్ని పల్స్‌లు బాకీ పడ్డాయో లెక్క పెట్టుకుంటుంది. కరెంటు రాగానే వాటిని చకచకా పంపుతుంది, అప్పుడు వరండా పొడవునా గడియారాల ముళ్లన్నీ ఒక్క ఊపున ముందుకు పరుగెత్తి అసలు సమయం దగ్గర ఆగుతాయి. దిట్టమైన పద్ధతి. లోపం ఒకటుంది: తీగ వదులై ఒక గడియారం పల్స్ జారవిడిస్తే ఆ సంగతి మాస్టర్‌కు తెలియదు, ఎవరో వెళ్లి చేత్తో సరిచేసేదాకా అది వెనకబడే ఉంటుంది. ఇప్పటికే పల్స్ తీగలున్న పాత భవనంలో దాన్ని కొనసాగించవచ్చు. కొత్త కట్టడానికి అవసరం లేదు.

కోడెడ్ తీగ. ఆర్‌ఎస్–485 వంటి మార్గంలో పూర్తి గంట, నిమిషం, సెకను సమాచారం వెళ్తుంది. సుమారు 1,200 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి పొడవాటి ఫ్యాక్టరీ షెడ్లకు నప్పుతుంది.

నెట్‌వర్క్ గడియారాలు. ఎన్‌టీపీ ద్వారా సమయం, అదే ఈథర్నెట్ తీగలో కరెంటు కూడా. ఈ పద్ధతికి పీఓఈ అని పేరు. గడియారానికి విడిగా ప్లగ్ పాయింటు అక్కర్లేదు. ఏ గడియారం పనిచేస్తోందో, ఏది ఆగిందో ఒక గదిలో కూర్చొని చూడవచ్చు, పల్స్ పద్ధతిలో లేనిది ఇదే. రాగి తీగ వంద మీటర్లు దాటకూడదు, కాబట్టి ప్రాంగణంలో భవనం నుంచి భవనానికి ఫైబర్ వేసి, ప్రతి అంతస్తులో స్విచ్ పెట్టుకోవాలి. స్విచ్‌కు యూపీఎస్ తప్పనిసరి, జనరేటర్ అందుకొనేలోపు గడియారాలు ఆరిపోకుండా. ఈ ప్రాంతంలో ఇప్పుడు కడుతున్న భవనాల్లో ఎలాగూ నెట్‌వర్క్ తీగలు వేస్తారు కాబట్టి చాలా సందర్భాల్లో సరైన ఎంపిక ఇదే.

వైర్‌లెస్. గోడలు తవ్వే వీల్లేని చోట ఉపయోగం. ఇక్కడ ధర కంటే ముందు ఫ్రీక్వెన్సీ చూడాలి. అమెరికాలో 915 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో లైసెన్సు లేకుండా పనిచేసే పరికరాలకు మన దేశంలో ఆ వెసులుబాటు లేదు. మనకు లైసెన్సు అక్కర్లేనివి 865–868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ వంటి బ్యాండ్లు. టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఆమోదపత్రం అమ్మకందారు చూపించాలి. బ్యాటరీ గడియారాలైతే వందల గదుల్లో నిచ్చెన వేసి బ్యాటరీలు మార్చే పని ఎవరిదో కొనేముందే తేల్చుకోవాలి.

గడియారం ముఖం

అంకెల గడియారంలో 100 మిల్లీమీటర్ల ఎత్తు అంకె సుమారు 40 మీటర్ల దాకా కనిపిస్తుంది. తరగతి గదికి 300 మిల్లీమీటర్ల ముళ్ల గడియారం సరిపోతుంది. మిగిలిన సమయాన్ని అంచనా వేసుకోవాల్సిన పరీక్ష హాలులో ముళ్ల గడియారం మేలు, ఇంకా పావుగంట ఉందని చూడగానే తెలుస్తుంది. సమయం రాసుకోవాల్సిన చోట, అంటే కాన్పుల గది, ల్యాబు, గేటు రిజిస్టరు దగ్గర 24 గంటల అంకెల గడియారం మేలు. ఎండ పడే ప్లాట్‌ఫారం మీద వెలుతురును బట్టి కాంతి మారే రకం కావాలి.

వినియోగాన్ని బట్టి ఎంపిక

విద్యాసంస్థలు. నీట్ పరీక్షకు చేతిగడియారం కట్టుకొని లోపలికి రానివ్వరు, అభ్యర్థికి గది గోడ మీది గడియారమే దిక్కు. ఈఏపీసెట్ కంప్యూటర్ పరీక్షలో లోపలి సమయం సర్వరుది, గేటు మూసే సమయం కాపలాదారు గడియారానిది. నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదన్న నిబంధన తెలంగాణ ఇంటర్ పరీక్షల్లోనూ ఏళ్ల తరబడి అమలైంది. 2024 మార్చిలో బోర్డు ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. సడలింపు ఎంతైనా ఆ నిమిషాలు ఏ గడియారం ప్రకారమన్న ప్రశ్న పోదు. ఏడాది చదువు ఆ గేటు దగ్గర ఆగిపోగలదు. కాబట్టి పరీక్ష కేంద్రంగా వాడే కళాశాలలో మొదటి సబ్ క్లాక్ ప్రిన్సిపాల్ గదిలో కాదు, వెలుపలి గేటుకు పెట్టాలి, బయట నిలబడినవారికి కూడా కనిపించేలా. ఎన్ని చోట్ల డబ్బు మిగుల్చుకున్నా ఇక్కడ మాత్రం మిగుల్చుకోకూడదు.

టీకా, ఔషధ పరిశ్రమ. జీనోమ్ వ్యాలీ తరహా తయారీ యూనిట్లలో ప్రతి పనినీ చేసిన క్షణానే, చేసిన సమయంతో సహా బ్యాచ్ రికార్డులో రాయాలి. ఎలక్ట్రానిక్ రికార్డులకు సమయముద్ర ఉన్న ఆడిట్ ట్రెయిల్ కావాలని అమెరికా ఎఫ్‌డీఏ 1997 నాటి పార్ట్ 11 నిబంధన చెబుతుంది. అమెరికాకు ఎగుమతి చేసే యూనిట్లకు ఇది తప్పదు. స్టెరిలైజర్ ప్రింటవుట్ 14:07 అంటూ, గోడ చూసి ఆపరేటర్ 14:03 అని రాస్తే, పని మొదలుకాకముందే రికార్డు రాసినట్టు తనిఖీదారుకు కనిపిస్తుంది. నిజాయతీగా పనిచేసినవారు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ గోడ గడియారం, యంత్రాల కంట్రోలర్లు, సర్వర్లు ఒకే ఎన్‌టీపీ మూలానికి కట్టుబడాలి, సమయం మార్చే అధికారం ఆపరేటరుకు ఉండకూడదు. క్లీన్ రూమ్ గడియారం గోడ ప్యానెల్‌తో సమతలంగా, దుమ్ము నిలిచే అంచు లేకుండా, క్రిమిసంహారక ద్రవాలతో రోజూ తుడిచినా మసకబారని ముఖంతో ఉండాలి. మరమ్మతు గది వెలుపలి నుంచి చేయగలిగితే ఇంకా మంచిది.

ఆస్పత్రులు. మందు ఇచ్చిన సమయం, శస్త్రచికిత్స మొదలైన సమయం, మరణ సమయం చట్టపరంగా ముఖ్యమైనవి. ఆపరేషన్ థియేటరుకు గడిచిన సమయం చూపే టైమరు కూడా కావాలి. తెలుగు కుటుంబాలకు కాన్పుల గది గడియారం మరో విధంగా ముఖ్యం. బిడ్డ జాతకం ఆ నిమిషం మీదే రాయిస్తారు. లగ్నం సుమారు రెండు గంటలకోసారి, నవాంశ సుమారు 13 నిమిషాలకోసారి మారుతుంది. జ్యోతిషం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ కుటుంబానికి సరైన నిమిషం ఇవ్వడం ఆస్పత్రి బాధ్యత.

కర్మాగారాలు, కార్యాలయాలు. మూడు షిఫ్టుల యూనిట్లలో సైరన్, గేటు గడియారం, హాజరు యంత్రం ఒకే మాస్టర్ కింద ఉండాలి. సైరన్‌కు మాస్టర్‌లోనే రిలే, సెలవుల పట్టిక ఉన్నాయో లేదో చూసుకోవాలి.

రైలు, మెట్రో. 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ రైళ్లు మేడ్చల్ దాకా నడుస్తున్నాయి. మేడ్చల్, శామీర్‌పేట వైపు మెట్రో మార్గాల ప్రతిపాదనను ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. మెట్రోల్లో మాస్టర్ క్లాక్ టెలికాం వ్యవస్థలో అంతర్భాగం, భవన యజమాని విడిగా ఎంచుకొనేది కాదు.

నిబంధనలు

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సేవాదాతలు, డేటా సెంటర్లు, సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం ఎన్‌టీపీ సర్వర్లతో సరిపోల్చుకోవాలి. పలు దేశాల్లో వ్యవస్థలున్న సంస్థలు వేరే మూలం వాడుకోవచ్చు గానీ, ఆ రెండింటితో తేడా రాకూడదు. ప్రామాణిక సమయాన్ని అన్ని అధికారిక, వాణిజ్య అవసరాలకు తప్పనిసరి చేసే ముసాయిదా నిబంధనలను కేంద్రం 2025 జనవరిలో ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది.

స్థాపన

జీపీఎస్ యాంటెన్నాకు ఆకాశం నాలుగువైపులా కనిపించాలి, వాటర్ ట్యాంకు పక్కన నీడలో బిగించకూడదు. ఈ ప్రాంతం గ్రానైట్ నేల. రాతిలో ఎర్తింగ్ నిరోధం త్వరగా తగ్గదు, ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మెరుపులు ఎక్కువ. యాంటెన్నా తీగ భవనంలోకి దిగేచోట సర్జ్ ప్రొటెక్టరు, దానికి కొలిచి చూసిన ఎర్త్ పిట్ లేకపోతే ఒక్క పిడుగుకు మాస్టర్ పోతుంది. శివారు కప్పుల మీద కోతుల బెడద కూడా ఉంది, తీగను వేలాడదీయకుండా ఇనుప గొట్టంలో తీసుకెళ్లాలి. నెట్‌వర్క్ విభాగం ఎన్‌టీపీ వాడే 123 పోర్టును ఫైర్‌వాల్‌లో తెరిచి, గడియారాలను ప్రత్యేక వీలాన్‌లో (నెట్‌వర్క్‌లో విడి భాగంలో) ఉంచాలి.

టెండరు, అప్పగింత

టెండరులో ‘జీపీఎస్ గడియారాలు, ఇన్ని’ అని సంఖ్య మాత్రమే రాస్తే ఏదైనా సరఫరా చేయవచ్చు. అనుమతించే గరిష్ఠ తేడా, మూలాలు పోయినప్పుడు రోజుకు ఎంత జరగవచ్చు, కరెంటు వచ్చాక ఎన్ని నిమిషాల్లో సర్దుకోవాలి, విడిభాగాలు ఎన్నేళ్లు దొరకాలి అన్నవి అంకెల్లో రాయాలి. బహిరంగ ఎన్‌టీపీ ప్రమాణాన్ని పాటించే గడియారాలే కోరితే, తయారీదారు మూతపడినా మరొకరివి తగిలించుకోవచ్చు.

అప్పగింత పత్రం మీద సంతకం పెట్టేముందు యాంటెన్నా, ఇంటర్నెట్ తీగ రెండూ పీకి 24 గంటలు వదిలేయండి. ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ వేయండి. మర్నాడు గేటు గడియారాన్నీ, మాస్టర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న గడియారాన్నీ జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో పోల్చి, తేడా టెండరులో రాసిన అంకె లోపల ఉంటేనే బిల్లు చెల్లించండి.